ఫ్రేము ఊడదీయొద్దు

శివా,

ముందు ఆ గుజిరీ మనిషికి ఏ మాటా ఇవ్వొద్దు. పగిలిన సోలార్ ప్యానెళ్ల ఫ్రేములు ఊడదీసి పెడితే రేటు పెంచుతానన్నాడని రాశావు. "పగిలినవే కదా మామా, ఊరికే మూలన పడుంటాయి" అని కూడా రాశావు. అది చదివి గట్టిగానే కోప్పడ్డాను. అచ్చం ఆ మాటే ఒకప్పుడు నేనూ అన్నాను.

మన మెట్టచేన్లో బోరుకు సోలార్ మోటారు పెట్టించిన రెండో ఏడు, ఎండాకాలం గాలివానకు నాలుగు ప్యానెళ్లు లేచిపోయి పగిలాయి. గుజిరీవాడు అల్యూమినియం మాత్రం కావాలన్నాడు. గడ్డపారతో నేనే ఫ్రేములు ఊడబెరికాను. పగిలిన అద్దానికి ఆ ఫ్రేమే ఆసరా అని నాకప్పుడు తట్టలేదు. అది పోగానే ప్యానెల్ తడిసిన చాపలాగా వంగింది. గట్టు దాకా మోసుకుపోయేసరికి దారంతా గాజు నలుసులు రాలాయి. ఆ ఏడు శెనక్కాయ పీకేటప్పుడు కూలోళ్ల వేళ్లు తెగాయి, మీ అత్త అరచేయి తెగింది. మిగిలిన వెనక అట్టల్ని వాడు వంకలో పడేసి తగలబెట్టి పోయాడు. ఆ అట్టలో ఫ్లోరిన్ ఉండే ప్లాస్టిక్ ఉంటుంది, కాలిస్తే వచ్చే పొగ విషం. ఆ పొగలోనే గొర్రెల కాపరి పిల్లలు నిలబడి చూశారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు మనసులో ఉండదు.

ఇరవై కిలోల ప్యానెల్‌లో అల్యూమినియం దాదాపు రెండు కిలోలు. ముప్పాతిక వంతు గాజే. తక్కినదంతా ప్లాస్టిక్, సిలికాన్, కాస్త రాగి, గీతల్లో పూసిన పిసరంత వెండి, టంకంలో సీసం. గాజూ సిలికానూ జిగురు పొరతో అతుక్కుని ఉంటాయి, వాటిని విడదీయాలంటే యంత్రాలున్న కర్మాగారమే కావాలి. ఫ్రాన్సులో రూసే అనే ఊళ్లో 2018లోనే అచ్చంగా దీనికోసమే ఒకటి పెట్టారు. గుజిరీవాడు తనకు పనికొచ్చే రెండు కిలోలు తీసుకుని, మిగతా పద్దెనిమిది కిలోలు మన నేలకు వదిలిపోతాడు.

బేతంచెర్ల దారి నీకు తెలియనిదా? నాపరాయి కోయగా మిగిలిన ముక్కలు, పాలిష్ బురద రోడ్డుకు రెండు పక్కలా గుట్టలు పడ్డాయి. మొదటి గని తవ్విననాడు ఆ ముక్కలు ఎక్కడికి పోతాయని ఎవరూ అడగలేదు. ప్యానెళ్ల సంగతీ అలా కాకూడదు. నువ్వు పనిచేసే గని-శకునాల సోలార్ పార్కులో వెయ్యి మెగావాట్లకు నలభై లక్షల పైచిలుకు ప్యానెళ్లు. ఒక్కోటి ఇరవై కిలోలని వేసుకున్నా ఎనభై వేల టన్నులు. అవి 2017లో వెలిగాయి, పాతికేళ్లకు అన్నీ దిగాల్సిందే. అటు మైలవరం సోలార్ పార్కులో పెట్టినవీ అంతే. మీరు ఇప్పుడు ఏ అలవాటు చేస్తే అప్పుడు అదే సాగుతుంది.

చట్టం సంగతి నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్యానెళ్లూ ఉన్నాయి. ప్యానెళ్ల వ్యర్థాలను 2034-35 దాకా జాగ్రత్తగా నిల్వ చేయాల్సిన బాధ్యత తయారీదారులది. మీ దగ్గర పోగైనవి రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకే పోవాలి. గుజిరీవాడి దగ్గర ఆ కాగితం ఉండదు. మీ సూపర్‌వైజరుకు ఈ ముక్క నెమ్మదిగా చెప్పు, అందరి ముందూ వాదనకు దిగొద్దు. నీ నోటి దురుసు నాకు తెలుసు.

చేతి తొడుగుల సంగతి నేను చెప్పక్కర్లేదు. కానీ పగిలిన ప్యానెల్ కూడా ఎండ తగిలితే కరెంటు పుట్టిస్తుందని మరవొద్దు. వెలుతురు పడకుండా టార్పాలిన్ కప్పు. వాన నీళ్లు నిలవని గచ్చు మీద, ఫ్రేముతో సహా, అద్దం చెదరకుండా పేర్చు. అద్దం బాగుండి కరెంటు తగ్గినవాటిని అందులో కలపొద్దు. మీటరు పెట్టి చూస్తే వాటిలో కొన్ని ఇంకా పనికొస్తాయి.

వెనకాల అంటించిన చీటీలో సీరియల్ నంబరు ఉంటుంది. ఎండకు ఆ అక్షరాలు వెలిసిపోకముందే ఒక్కోదాన్నీ నోటుబుక్కులో ఎక్కించు, ఎప్పుడు పగిలింది, ఎలా పగిలింది అని పక్కనే రాయి. ఉగాదికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా, చూస్తాను.

మీ మామ