ముందు చెవి, తరువాత నాలుక

అమ్మాయీ,

తుళ్లూరు బడిలో ఒకటి, రెండు తరగతులకు ఇంగ్లీషు చెబుతున్నావనీ, పిల్లలు జంతువులుండే జూనీ, జూన్ నెలనీ ఒకే జకారంతో మొదలుపెడుతున్నారనీ, ఎంత దిద్దినా నిలవడం లేదనీ రాశావు. కొన్నాళ్లు దిద్దడం మానెయ్యమనే నా సలహా. వాళ్ల చిక్కు నాలుకకంటే ముందు చెవి దగ్గర ఉంది. వినపడని తేడాను పలకమంటే పిల్లవాడికి బెరుకు పుడుతుంది గానీ మాట రాదు.

ఇది నా ఊహ కాదు. కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ పసిపిల్లల మీద చేసిన పరిశోధన 1984లో అచ్చయింది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని తకార టకారాల తేడాను గుర్తుపట్టారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామంది గుర్తుపట్టలేకపోయారు. మన పిల్లలకు తాతకూ టాటాకూ తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ పిల్లలకు ఆ తేడా ఎలా పోయిందో, జెడ్‌కీ జేకీ, వీకీ డబ్ల్యూకీ ఉన్న తేడా మనవాళ్లకూ అలాగే పోతుంది. ఇంట్లో అవసరం లేనిదాన్ని చెవి పక్కన పెట్టేస్తుంది, అంతే. అయితే పోయింది తిరిగి రాదనుకోకు. రకార లకారాల తేడా పట్టుకోలేని జపాను పెద్దలకు అమెరికాలో వేర్వేరు గొంతులతో జంట మాటలు వినిపించి, ఏది ఏదో చెప్పించి, వెంటనే తప్పొప్పులు తెలియజేశారు. 1991లో అచ్చయిన ఆ ప్రయోగంలో వాళ్ల చెవి మెరుగుపడింది. 1997 నాటి మరో ప్రయోగంలో, ఉచ్చారణ విడిగా నేర్పకుండానే, వినికిడి శిక్షణ వల్ల పలకడం కూడా బాగుపడినట్టు తేలింది. పెద్దవాళ్లకే సాధ్యమైతే ఆరేళ్ల పిల్లల సంగతి చెప్పాలా!

కాబట్టి పలికించే ముందు వినిపించు. తడిసిన అనే అర్థంలో వెట్, పశువుల డాక్టరు అనే అర్థంలో వెట్: రెండు బొమ్మలు గోడకు అంటించి, నువ్వు మాట అంటే పిల్లలు బొమ్మ చూపించాలి. చూశావా, తెలుగులో రాస్తే రెండూ ఒకటే అయ్యాయి! గైడుల్లో ఇంగ్లీషు మాట కింద తెలుగు లిపిలో ఉచ్చారణ రాయడం వల్ల వచ్చే నష్టం ఇదే. ఈ జంటల దగ్గర ఆ అలవాటు మాన్పించు. చెవి పట్టుకున్నాక నోటి పని తేలిక, ఎందుకంటే సరంజామా చాలావరకు తెలుగులోనే ఉంది. డబ్ల్యూకి ఉకారం కోసం పెదవులు గుండ్రంగా చుట్టి వెంటనే తెరవాలి. వీకి పైపళ్లు కింది పెదవిని తాకాలి, గొంతు కలవాలి. ఇక జెడ్. జీతంలో జకారం వేరు, జడలో జకారం వేరు. పాత నిఘంటువులు రెండో దాన్ని ౙ అని గుర్తుపెట్టి చూపేవి. ఆ జడ దగ్గర్నుంచే జెడ్‌కు దారి ఉంది. సకారాన్ని సాగదీస్తూ గొంతు కలపమను, మెడ మీద వేలు పెట్టుకుంటే అదురు తెలుస్తుంది. జకారాన్ని అలా సాగదీయలేం, జెడ్‌ను ఊపిరున్నంతసేపూ సాగదీయవచ్చు. నీ తరగతిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే నీ పని ఇంకా సులువు. జమీన్, జిందగీ అనేవాళ్లకు ఆ శబ్దం ఉగ్గుపాలతోనే వచ్చింది. వాళ్లనే గురువులుగా నిలబెట్టు.

ఇంగ్లీషు క్లాసులో తెలుగేమిటని పై అధికారులో తల్లిదండ్రులో అడగవచ్చు. 2020లో రాష్ట్ర ప్రభుత్వమే ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు తెచ్చింది. పుస్తకంలో లేని అంటు నోట్లో ఎక్కడి నుంచి వస్తుంది? నీ ఉచ్చారణే సరిగా లేదని నీకు అనుమానం ఉంటే, ఆ అనుమానం మంచిదే. నీ గొంతు ఒక్కటే చాలదు. ఫోన్‌లో రికార్డు చేసిన నాలుగైదు గొంతులు వినిపించు, వాటిలో ఆడా మగా ఉండాలి. నువ్వు తీర్పరిగా ఉంటే చాలు.

బరువైన అభ్యంతరం వేరే ఉంది. దేశమంతా ఇలాగే మాట్లాడుతుంటే ఈ తంటా దేనికని అంటారు. యాసను మార్చాలని నేనూ అనను, ఆ మోజు నాకు బొత్తిగా లేదు. అర్థం మారే చోటే పట్టుబట్టాలి. జెనిఫర్ జెంకిన్స్ 2000లో రాసిన పుస్తకంలో, వేర్వేరు మాతృభాషలవాళ్లు ఇంగ్లీషులో ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి టీ, హెచ్ కలిసిన శబ్దం అంత ముఖ్యం కాదని తేల్చింది. మన నోట అది థకారంగానో దకారంగానో వస్తుంది, రానీ. పైగా మీ ఊరి బోర్డు మీద తకారానికే టీ, హెచ్ రాసి ఉంటే పిల్లవాడు ఇంకోలా చదవాలని ఏమని చెబుతావు? దాన్ని ఐదో తరగతికి వదిలెయ్యి. సకార షకారాలను మాత్రం వదలకు. శనగలను సెనగలు అనే మన పల్లెల్లో సిప్, షిప్ కలిసిపోతాయి. ఆ జంటను తెలుగు క్లాసులోనూ ఇంగ్లీషు క్లాసులోనూ కలిపి నేర్పితే రెండింటికీ లాభం. రోజుకు ఐదు నిమిషాలు, ఒక నెలకు ఒక్కటే జంట. ముందు సకార షకారాలు, తర్వాత జెడ్, ఆ పైన వీ, డబ్ల్యూ. ఏ జంటలో ఎంతమంది సరైన బొమ్మ చూపించారో వారం వారం రాసి పంపు, తర్వాతి జంటకు ఎప్పుడు వెళ్లాలో ఆ లెక్క చూసి చెబుతాను.

మీ బాబాయి