మిద్దె మీది ఎండ: వేడినీళ్లకా, కరెంటుకా?

ఉద్యోగమొచ్చి ఊళ్లో ఇల్లు కట్టుకునే మన పూర్వ విద్యార్థులు ఒక్కసారి ఈ లెక్క వేసి చూడాలి.

సోలార్ వాటర్ హీటర్ తనపై పడ్డ ఎండలో దాదాపు సగాన్ని నీళ్లకు వేడిగా ఇస్తుంది. కరెంటు ఇచ్చే సోలార్ పలక సుమారు ఐదో వంతునే మార్చగలదు. 100 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచాలంటే 100×40=4,000 కిలో కేలరీలు కావాలి. ఒక యూనిట్ కరెంటు అంటే 860 కిలో కేలరీలు. అంటే సుమారు 4.65 యూనిట్లు! 1 కిలోవాట్ పలకలు రోజంతా కలిపి ఇచ్చేది దాదాపు 4 యూనిట్లే. హీటర్‌కైతే 2 చదరపు మీటర్ల జాగా చాలు.

అయితే మన సిద్దిపేట ఎండాకాలంలో వేడినీళ్లు ఎవరికి కావాలి? ఫ్యాను, కూలరు ఆగకుండా తిరగాల్సింది అప్పుడే. పైగా బోరునీళ్ల సున్నం హీటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో పలకలకు 1 కిలోవాట్‌కు రూ.30,000, 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ పెట్టారు. ఒక్క మాట, బ్యాటరీ లేకుంటే లైన్లో కరెంటు పోయినప్పుడు ఇవీ ఆగిపోతాయి.

నలుగురున్న ఇంటికి పలకలే మేలని నా అభిప్రాయం. చలికాలం పొద్దున్నే వందమంది స్నానం చేసే మన హాస్టల్ లాంటి చోట మాత్రం హీటరే పెట్టాలి.