ఫిలా వీధి మేడమెట్లు

న్యూయార్క్ రాష్ట్రంలో సరటోగా స్ప్రింగ్స్ అనే చిన్న ఊరుంది. గుర్రప్పందేల రోజుల్లో కిటకిటలాడుతుంది, తక్కిన కాలమంతా నెమ్మదిగా ఉంటుంది. అక్కడ ఫిలా వీధిలో, మేడమీద, కెఫే లీనా. లీనా స్పెన్సర్, ఆమె భర్త బిల్ 1960లో దాన్ని తెరిచారు. కొన్నాళ్ళు నడిపి, నాలుగు డబ్బులు కూడాక యూరప్ వెళ్ళిపోదామని వాళ్ళ ఆలోచన. కొద్దికాలానికే భర్త వెళ్ళిపోయాడు, ఆమె చివరిదాకా అక్కడే ఉండిపోయింది. ఆమె రోజుల్లో మద్యం ఉండేది కాదు. కాఫీ, తినడానికేదో తీపి, ఓ మూల చిన్న వేదిక. ఉద్యోగానికని 1976లో షెనెక్టడీ చేరిన నాకు అది అరగంట దూరం. అక్కడ నేను ఆలస్యంగా నేర్చుకున్నవి ఈ నాలుగు.

1. పేరు తెలియకముందే పాట వినాలి.

1961లో ఇరవై ఏళ్ళ బాబ్ డిలాన్ అక్కడ పాడితే చాలామంది తమ కబుర్లలో తాము ఉన్నారట. ఆ మాట విన్నప్పుడు వాళ్ళ మీద జాలిపడ్డాను. నేను చేసిందీ అదేనని చాలాకాలం తట్టలేదు. పేరున్న గాయకుడు వస్తేనే బయల్దేరేవాణ్ణి. మంచు కురిసే రాత్రుల్లో, పదిమంది కూడా లేని గదిలో, ఎవరో గనికూలీల పాటలు పాడి వెళ్ళేవారు. అలాంటి రాత్రి ఒక్కటే నాకు దక్కింది, అదీ స్నేహితుడు బలవంతపెడితే. ఈనాటికీ నా చెవిలో ఉన్నది ఆ రాత్రి పాటే. పాడినాయన పేరు మాత్రం గుర్తులేదు.

2. ఇంటి పాటను నలుగురిలో దాచకు.

ఓసారి కెఫేలో, విరామంలో, ఒక గాయని నా బల్ల దగ్గరికి వచ్చి, మీ ఊళ్ళో ఏం పాడతారని అడిగింది. త్యాగరాజ కీర్తనలన్నాను. అబద్ధం కాదు. కానీ మా ఇంట్లో కీర్తన పాడినవాళ్ళు ఎవరూ లేరు. మా అమ్మ దివిసీమలో ఊడ్పులకు వెళ్ళేది. మోకాళ్ళ లోతు బురదలో వంగి, ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకుంటూ పొద్దు వాలేదాకా పాడేవారు. ఇంటికొచ్చి వడ్లు దంచుతూ మళ్ళీ పాట, రోకటి పోటు పడ్డచోటల్లా ఊపిరి విడిచే ఆ ‘హుఁ’తో సహా. కూలివాళ్ళ పాటలకు గౌరవమిచ్చి వినే ఆ గదిలోనే, కూలికెళ్ళిన మా అమ్మ పాట చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళ జీవితంలో నేను ఎక్కువగా తలదించుకున్నది ఆ జవాబుకే.

1984లో ఓ పెళ్ళికి ఊరెళ్ళినప్పుడు, అమ్మ పాటలకని టేప్‌రికార్డర్ పట్టుకెళ్ళాను. ‘‘ఈ పాటలు ఎవరికి కావాల్రా’’ అంది అమ్మ. నాకు కావాలమ్మా అనలేకపోయాను. ఆ క్యాసెట్ల నిండా పెళ్ళి సందడి, బంధువుల పలకరింపులు ఉన్నాయి. రెండేళ్ళకు ఆమె పోయింది.

3. టికెట్టు కొన్నంత మాత్రాన రుణం తీరదు.

ఎక్కడెక్కడి నుంచో వచ్చిన గాయకులకు లీనా అన్నం పెట్టేది, పడుకోవడానికి చోటిచ్చేది. అద్దెకు ఆమె తడుముకుంటున్న సంగతి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. నాకూ తెలుసు. 1989లో ఆ మెట్ల మీదే పడి, కొన్నాళ్ళకు కన్నుమూసింది. ఆ తర్వాత అభిమానులు కూడి లాభాపేక్ష లేని సంస్థగా కెఫేను నిలబెట్టారు. అప్పుడు వెళ్ళి కుర్చీలు సర్దాను. ఆమె ఉండగా ఒక్క కుర్చీ కూడా సర్దలేదు.

4. తెలిసినంతే పాడు.

2016లో ఆ భవనాన్ని బాగుచేసినప్పుడు లిఫ్ట్ పెట్టారు. మోకాళ్ళు మొరాయిస్తున్న నాలాంటివాళ్ళకు అదో వరం. ఎవరైనా పాడుకోదగిన రోజొకటి ఉంటుంది, ఆ రోజున పేరిచ్చాను. గిటారు లేదు, తాళానికి చెయ్యి చాలు. అమ్మ ఊడ్పుల పాటని చెప్పి మొదలుపెట్టాను. గది నిశ్శబ్దంగా వింది. రెండు చరణాలు మాటలతో వచ్చాయి. మూడోదానికి రాగం మాత్రమే మిగిలింది, అదే తీశాను.