టాస్క్‌బార్ కనబడకపోతే తప్పెవరిది?

ఎమ్మిగనూరు అనగానే మగ్గం గుర్తొస్తుంది. 1938లో మాచాని సోమప్ప మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును దేశమంతా తిప్పింది. ఆ ఊళ్లోనే చీర అంచుల డిజైన్లు కంప్యూటర్లో గీసి బతికే ఓ కుర్రాడిని ఊహించుకుందాం. చిన్న తెరమీద కళ్లు లాగేస్తున్నాయని ఆదోని వెళ్లి 43 అంగుళాల 4కె టీవీ కొన్నాడు. ల్యాప్‌టాప్ తగిలించాడు. అడుగున టాస్క్‌బార్ సగం మాయం, ఎర్ర గీతల చుట్టూ మసక, మౌస్ కదిపితే బాణం ఈడ్చుకుంటూ వస్తోంది.

షాపుకు ఫోన్ చేస్తే, "టీవీలో ఏం ల్యాదన్నా, నీ కంప్యూటర్‌దే ప్రాబ్లం" అన్నారు. కంప్యూటర్ రిపేరు చేసేవాడు టీవీదే తప్పన్నాడు. ఇద్దరి మధ్యా కుర్రాడు బంతి అయ్యాడు.

ఇక్కడ చట్టం అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది వస్తువులో లోపమా, సెట్టింగా? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చట్టం కోరిన నాణ్యతలో గానీ అమ్మినవాడు ఇచ్చిన మాటలో గానీ కొరత ఉంటే అది లోపం. రిమోట్‌తో సరిదిద్దుకోగల సంగతి ఆ లెక్కలోకి రాదు. అందుకే లాయర్ దగ్గరికి వెళ్లేముందు అరగంట టీవీ ముందు కూర్చోవాలి.

టాస్క్‌బార్ మాయం కావడం చాలావరకు ఓవర్‌స్కాన్ పని. పాతకాలం ప్రసారాల కోసం పుట్టిన అలవాటు అది. టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కోసేస్తుంది. పిక్చర్ సైజులో 'జస్ట్ స్కాన్', 'స్క్రీన్ ఫిట్' లాంటి పేరున్నది ఎంచుకుంటే అంచులు తిరిగొస్తాయి. రంగుల అక్షరాల చుట్టూ మసక ఉంటే, టీవీ రంగు సమాచారాన్ని కుదించి చూపుతోందన్న మాట. ల్యాప్‌టాప్ తగిలించిన ఇన్‌పుట్ పేరును 'పీసీ' అని మారిస్తే చాలా టీవీల్లో అది పోతుంది.

బాణం ఈడ్చుకోవడం వేరే కథ. 4కె తెరలో అడ్డం 3840, నిలువు 2160 చుక్కలుంటాయి. ల్యాప్‌టాప్ బొమ్మను టీవీకి చేర్చే హెచ్‌డీఎంఐ పద్ధతిలో, 2009 నాటి 1.4 అంత బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు. 60 సార్లు కావాలంటే 2013లో వచ్చిన 2.0 పద్ధతి ఉండాలి, అదీ ల్యాప్‌టాప్ పోర్టులోనూ, టీవీ పోర్టులోనూ; రెండింటినీ కలిపే కేబుల్‌కూ సరిపడా సత్తా ఉండాలి. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే ఎన్ని హెర్ట్జ్ (అంటే సెకనుకు ఎన్నిసార్లు) నడుస్తోందో అక్కడే కనబడుతుంది. కొన్ని టీవీల్లో ఆ శక్తి ఉన్నా, మెనూలో విడిగా ఆన్ చేసేదాకా పని చెయ్యదు: సామ్‌సంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్'. ఒక్కోసారి నాసిరకం కేబుల్ మారిస్తేనే గొడవ తీరిపోతుంది. ల్యాప్‌టాప్ పోర్టే పాతదైతే మాత్రం టీవీ అమ్మినవాడి మీద కేసు నిలవదు. ఇది చాలామందికి రుచించని నిజం.

మరి కేబుల్ మార్చి, వేరే కొత్త ల్యాప్‌టాప్ పెట్టి, ప్రతి పోర్టూ చూసినా 30 దగ్గరే ఆగిపోయి, అట్టపెట్టె మీద మాత్రం 60 అని రాసి ఉంటే? అప్పుడు బంతి షాపు కోర్టులో పడుతుంది. పెట్టె మీది అక్షరాలను, తెరమీది హెర్ట్జ్ సంఖ్యను ఫోన్లో ఫొటో తీసుకోవాలి. 'కంప్యూటర్‌కి బ్రహ్మాండంగా పనిచేస్తుంది' అని షాపువాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్ ఉంటే అది బంగారం. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే అది అనుచిత వాణిజ్య విధానం. బిల్లివ్వకపోవడం కూడా అంతే. "బిల్లు లేకుంటే వెయ్యి తగ్గిస్తా" అన్న మాటకు లొంగినవాళ్లు ఆ వెయ్యిని తర్వాత ఎన్నోరెట్లు తలచుకుంటారు.

షాపు తరఫు లాయర్ ఓ అభ్యంతరం తప్పక లేవనెత్తుతాడు: ఇతను టీవీని వ్యాపారానికి కొన్నాడు కాబట్టి వినియోగదారుడే కాదని. దీనికి జవాబు 1995లోనే వచ్చింది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. సొంతంగా నడుపుకుని పొట్టపోసుకోవడానికి ఆటోరిక్షా కొన్నవాడు వినియోగదారుడేనని, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని అందులో ఉంది. ఆ కేసు వేసిన సంస్థ మాత్రం పెద్ద ఎత్తున వ్యాపారం చేసేది కనుక ఓడిపోయింది. చీర డిజైన్లు గీసుకునే కుర్రాడు ఆటోవాడి వరుసలోకే వస్తాడు.

ముందు షాపుకూ కంపెనీకీ రాతపూర్వకంగా నోటీసు. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే కర్నూలులోని జిల్లా వినియోగదారుల కమిషన్. టీవీని హైదరాబాద్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, నివాసమున్న చోటే ఫిర్యాదు చేసే హక్కు 2019 చట్టంతో వచ్చింది. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గొడవ మొదలైన నాటి నుంచి రెండేళ్లు గడువు. కర్నూలు బస్సెక్కే పని లేకుండా ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వీడియోలో విచారణ కోరవచ్చు. లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపిస్తుంది; ఆ ఖర్చు ముందుగా ఫిర్యాదుదారుతో కట్టించవచ్చు.

ఈలోగా కంపెనీ టెక్నీషియన్ వస్తాడు. చూసి, "అంతా బాగుంది, ఓటీపీ చెప్పండి" అంటాడు. ఆ ఓటీపీ చెబితే ఫిర్యాదు పరిష్కారమైపోయినట్టు కంపెనీ లెక్కలో రాసేసుకుంటారు. హెర్ట్జ్ ఇంకా 30 దగ్గరే ఉంటే ఓటీపీ చెప్పకూడదు. జాబ్‌షీట్ మీద 'సమస్య తీరలేదు' అని తెలుగులోనే రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, కాపీ అడిగి తీసుకోవాలి.