నాలుగు సెంటీమీటర్ల సిపాయి: సందేహాలు – సమాధానాలు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే దారిన వచ్చాయి. లెగో తరహా చిన్న బొమ్మలకు పాతకాలపు సైనికుల దుస్తులు తొడగడమెలా అని. పిల్లలాట అనుకునేరు, రాసినవాళ్లలో మనవలున్నవాళ్లూ ఉన్నారు.

*మా అబ్బాయీ నేనూ వాటర్లూ యుద్ధాన్ని బల్లమీద పేరుస్తున్నాం. బ్రిటిష్ సైనికుడి ఎర్రకోటును పాత చిత్రాలు చూసి కంప్యూటర్‌లో గీశాను. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. ప్రింటు తీస్తే ముద్దముద్దగా వస్తోంది. లోపం ప్రింటర్‌దా, నాదా?*
— ఒక పాఠకుడు, గుంటూరు

మీదే. స్క్రీన్ నిండా పెట్టుకుని గీశారు, బొమ్మ ఛాతీ చూస్తే బొటనవేలి గోరంత. స్కేలు పెట్టి కొలవండి. నడుము దగ్గర వెడల్పు 16 మి.మీ., ఎత్తు 13 మి.మీ., భుజాల వైపు ఇంకా సన్నం. ఐదడుగుల ఏడంగుళాల మనిషి 4 సెం.మీ. అయ్యాడంటే 42 రెట్లు కుంచించుకుపోయినట్టు. అసలు కోటుమీది 2 సెం.మీ. గుండీ ఇక్కడ అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఇక కాజాల చుట్టూ మీరు ఓపిగ్గా గీసిన లేసు సంగతి చెప్పేదేముంది!

అసలు సైజులో మామూలు కాగితంమీద ప్రింటు తీసి, చెయ్యి చాచి పట్టుకుని చూడండి. కంటికి ఆననిది తుడిచెయ్యండి. పావు మిల్లీమీటరు కన్నా సన్నగీత పెట్టొద్దు. ఆ రోజుల్లో యుద్ధమంటే తుపాకీ మందు పొగ. ఆ పొగలో ఎవడు మనవాడో పోల్చుకోవడానికే ఇన్ని రంగులు. కాబట్టి దూరాన్నుంచి కనిపించేదేదో అది ఉంచితే చాలు: ఎర్రకోటు, ఛాతీమీద అడ్డంగా దాటుకునే రెండు తెల్లపట్టీలు, అవి కలిసేచోట ఇత్తడి బిళ్ల, బూడిదరంగు ప్యాంటు.

రెజిమెంటును చెప్పేది కాలరూ, చేతుల అంచూ. 1815లో 33వ రెజిమెంటుకు అవి ఎరుపు, 44వ దానికి పసుపు. రాజుగారి పేరున్న రెజిమెంట్లకు నీలం. 95వ రైఫిల్స్‌కు కోటే ముదురాకుపచ్చ, కాలరు నలుపు. మీవాళ్లు గార్డులైతే మాత్రం గుండీలు వదలకండి. మొదటి ఫుట్ గార్డులకు ఒక్కొక్కటిగా, కోల్డ్‌స్ట్రీమ్ గార్డులకు జంటలుగా, మూడో ఫుట్ గార్డులకు మూడేసిగా ఉండేవి. లెక్క సరిపోకపోయినా ఫరవాలేదు, మధ్యలో ఎడం కనిపించాలి. చేతుల అంచులు ప్రింటు చెయ్యాలని చూడకండి. టేపు అంటించి సన్నకుంచెతో రంగు వేస్తే రెండు నిమిషాల పని.

*ఎర్రబొమ్మమీద పారదర్శక డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే ముద్రపొర) అంటించాను. తెల్లపట్టీలు మాయమయ్యాయి!*
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

మాయమవలేదమ్మా, అసలు పడనే లేదు. ఇంట్లో వాడే ప్రింటర్‌కు తెల్ల ఇంకు ఉండదు. తెలుపంటే దాని దృష్టిలో కాగితాన్ని ఖాళీగా వదిలెయ్యడమే. అందుకని తెల్లటి డెకాల్ కాగితం కొని, ఎరుపునూ దానిమీదే ప్రింటు చేసి, ఛాతీ అంచుల దాకా కత్తిరించి అంటించండి. ప్రింటు ఎరుపు, ప్లాస్టిక్ చేతుల ఎరుపు అచ్చంగా కలవవు. రెండుమూడు ఛాయలు ప్రింటు తీసి, పగటి వెలుతురులో చేతిపక్కన పెట్టి ఎంచుకోండి.

ఇంక్‌జెట్ ప్రింటరైతే నీళ్లలో వేసేముందు పారదర్శక యాక్రిలిక్ స్ప్రే రెండు పూతలు తప్పనిసరి. నేను మొదటిసారి తొందరలో స్ప్రే మానేశాను. గిన్నెలో నీళ్లు ఊదారంగుకు తిరిగాయి, నెపోలియన్ దళం మొత్తం అందులో కరిగిపోయింది. అర నిమిషం నానబెట్టి, పొర కదలగానే బొమ్మమీదికి జార్చి, తడిపిన దూదిపుల్లతో మధ్యనుంచి అంచులకు ఒత్తాలి. ఒక రోజు ముట్టుకోవద్దు. ముసురు రోజుల్లో రెండు రోజులు.

*మాది చందుర్తికి దగ్గర్లోని ఊరు. 1758 యుద్ధం బొమ్మలు చేద్దామని ఉంది. పనికొచ్చే విశేషం ఏమైనా ఉందా?*
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కాకినాడ జిల్లా

మాస్టారూ, దుస్తుల రంగే గెలుపోటములు తేల్చిన యుద్ధం మీ ఊరి పక్కనే జరిగింది! ఫ్రెంచివాళ్లమీదికి సాయం రమ్మని విజయనగరం ఆనందరాజు కబురు పెడితే, ఈస్టిండియా కంపెనీ తరఫున క్లైవు బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. ఎదుట ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్. ఫ్రెంచివారి దేశీ సిపాయిలు తెల్లబట్టల్లో ఉండేవారు. ఫోర్డ్ సిపాయిలకేమో ఎర్రకోట్లు. బెంగాల్‌లో 1757లో మొదలైన పటాలానికి లాల్ పల్టన్ అన్న పేరు ఆ కోటువల్లే వచ్చింది. ఇంగ్లీషు తెల్లసైనికులు ఎత్తుగా పెరిగిన చేను వెనక కనబడకుండా ఉన్నారు. ఎర్రకోట్లు చూసి, తెల్లసైనికులు వీళ్లేనని ఫ్రెంచి దళం సిపాయిల మీదికి ఉరికింది. సిపాయిలు చెదిరారు, ఫ్రెంచివాళ్లు తరిమారు. అప్పుడు అసలు తెల్లదళం పక్కనుంచి వచ్చి పడింది. కొన్ని నెలలకే, 1759 ఏప్రిల్‌లో, మచిలీపట్నం కూడా ఫ్రెంచివాళ్ల చేజారిపోయింది.

కనుక మీరు చెయ్యాల్సిన అసలు బొమ్మ ఆ సిపాయి. నడుము పైన తెల్లదొర, కింద మనవాడు. పైన పొట్టి ఎర్రకోటు, తలకు పాగా, మోకాళ్లపైకి ఉండే తెల్లచల్లడం, కింద ఒట్టి కాళ్లు. గోధుమరంగు కాళ్లముక్క కొని, పైన మూడోవంతుకు తెల్లరంగు వేస్తే చల్లడం వచ్చేస్తుంది. నడుముముక్క కూడా తెలుపే. ఎదురుగా తెల్లబట్టల సిపాయిలను పెట్టండి. వాళ్ల మొండేలమీద ఏమీ గీయకండి, వల్లెవాటు మడతకు రెండు బూడిదగీతలు తప్ప. ఎర్రదళంలో ముందువరసకు తలపాగాలు తీసేసి చూడండి, మీకూ క్షణంపాటు తెల్లసైన్యమనే భ్రమ కలుగుతుంది.

*చేసినవి అమ్ముకోవచ్చా?*
— పేరు రాయలేదు

కొన్న బొమ్మకు రంగులద్ది అమ్మడం వేరు, లెగో పేరు పెట్టి అది ఆ కంపెనీ సరుకేనన్నట్టు అమ్మడం వేరు. ఆ పేరూ ముద్రా మీ పెట్టెమీద వెయ్యకండి. సొంతంగా తయారుచేశామని స్పష్టంగా రాయండి.

*వెల్లూరు తిరుగుబాటు సిపాయి టోపీ ఎలా చెయ్యాలి? త్రీడీ ప్రింటింగ్ తప్పదా?*
— ఒక తల్లి, తిరుపతి

అక్కర్లేదు. పిల్లల క్లేతో గుండ్రటి దిమ్మ చేసి, ముందు చిన్న తోలుబిళ్లలా నల్లచుక్క అద్ది, పక్కన దారప్పోగుతో ఈక గుచ్చండి. ఆ తోలే అక్కడ గొడవ. మద్రాసు సైన్యంలో కొత్తగా పెట్టిన తలపాగా తెల్లవాళ్ల టోపీలా ఉందని, దానికి తోలు తగిలించారని సిపాయిలు మండిపడ్డారు. పైగా నుదుట బొట్టూ నామమూ ఉండకూడదు, గడ్డం గీయాలి, మీసం కత్తిరించాలి అని ఉత్తర్వు.

కాబట్టి టోపీకన్నా తలలమీద శ్రద్ధ పెట్టండి. ఒకే మొండేనికి రెండు తలలు చెయ్యండి. ఒకదానికి నామం, నిండు మీసం, గడ్డం. రెండోది నున్నగా, బోసినుదురుతో. మీ పాప ఒక తల పీకి ఇంకో తల పెడితే కథంతా అర్థమైపోతుంది. తిరుగుబాటు 1806 జూలై 10న మొదలైంది, ఆర్కాటు నుంచి వచ్చిన గుర్రపుదళం అదే రోజు అణిచేసింది. ఆ తర్వాత ఉత్తర్వు రద్దయింది. గవర్నర్ బెంటింక్‌నూ, సేనాధిపతి క్రాడాక్‌నూ ఈస్టిండియా కంపెనీ వెనక్కి పిలిపించింది.