తటస్థ బిందువులు

మీ పిల్లల ప్రయోగ పుస్తకమున ఒక బొమ్మ యుండును: నడుమ దండాయస్కాంతము, చుట్టును వంపు రేఖలు, ఇరుప్రక్కల రెండు గుణకారపు గుర్తులు. ఆ గుర్తులే తటస్థ బిందువులు. అవి యేమని యడిగినచో, అక్కడ అయస్కాంత శక్తి లేదని పలువురు పిల్లలు చెప్పుదురు. అది సరికాదు. త్రాడు లాగు పందెమున ఇరుపక్షములును సమబలముతో లాగినపుడు త్రాడు కదలదు. లాగువారు లేరని దాని యర్థము కాదుగదా! అట్లే అచ్చట అయస్కాంతపు బలమును, భూమి బలమును సమానములై, ఎదురెదురు దిశల నుండును. దిక్సూచి ముల్లు అడ్డముగా మాత్రమే తిరుగును గనుక, ఇచట లెక్కకు వచ్చునది భూమి యొక్క క్షితిజ సమాంతర బలము మాత్రమే.

కొయ్యబల్లపై కాగితము పరచి, దిక్సూచితో ఉత్తర దక్షిణ రేఖ గీసి, దానిపై అయస్కాంతమును ఉత్తర ధ్రువము ఉత్తరమునకుండునట్లు ఉంచవలెను. దాని తూర్పు పడమరల నొక్కొక్క చోట ముల్లు ఏ దిక్కునకును నిలువక తడబడును. అయస్కాంతమును త్రిప్పి పెట్టినచో ఆ చోట్లు ఉత్తర దక్షిణములకు మారును. పొట్టి అయస్కాంతమునకు ఒకే దూరమున ప్రక్కకన్న కొనవైపు బలము రెట్టింపు. దూరము హెచ్చిన కొలది ఆ బలము దూరపు ఘనమును బట్టి తగ్గును. కావున మొదట 15 సెంటీమీటర్ల కడ దొరకిన బిందువు త్రిప్పిన పిమ్మట సుమారు 19 కడ దొరకును.

దక్షిణ భారతమున భూమి యొక్క ఈ బలము సుమారు 0.4 గౌసు, లండనులో దాదాపు సగమే. అక్కడ భూబలరేఖలు నేలలోనికి నిటారుగా దిగుటయే కారణము. అందుచే ఇంగ్లండు పుస్తకములలోని దూరములతో మన పిల్లల కొలతలను పోల్చి తప్పుపట్టరాదు.

ఇక ఇనుము సంగతి. బొంబాయి కొలాబాలో 1841 నుండి అయస్కాంత పరిశీలనలు జరుగుచుండెను. నగరమునకు విద్యుత్ ట్రాములు రానున్నవని, 1904లో అలీబాగున వేరొక వేధశాలను నెలకొల్పిరి. అంతటి వేధశాలకే తప్పని చిక్కు మన బల్లక్రింది మేకునకు, ప్రక్కనున్న ఉక్కు కుర్చీకి తప్పునా? తూర్పున 14.6, పడమట 15.3 వచ్చినచో పిల్లవాడు అట్లే వ్రాయవలెను. రెండును సరిగా 15 అని పుస్తకము చూచి దిద్దుట కంటె, కుర్చీని దూరముగా జరిపి మరల కొలుచుట మేలు. అప్పటికిని భేదమున్నచో రెంటి సగటును గైకొనవచ్చును.