రిలే టిక్కుమంది, బండి కదల్లేదు

ఈ సంచికకు మీ పనికి సంబంధించిన పాఠం ఒకటి రాయమని వార్డెన్ గారు అడిగారు. మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి చదివాం. తరువాత ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు పూర్తి చేసి, ఇప్పుడు ఒకే షెడ్డులో పనిచేస్తున్నాం. మేము బాగుచేసిన బళ్ల గురించి చెప్పుకోవచ్చు. కానీ మేము తప్పు చేసిన బండి గురించి రాస్తేనే తమ్ముళ్లకు ఎక్కువ ఉపయోగమని అనిపించింది.

మాకంటే ముందు ఇదే హాస్టల్లో చదివిన ఒక అన్న పాత పెట్రోలు కారు అద్దెకు తిప్పుకుంటూ ఇల్లు నడుపుతున్నాడు. ఆ కారుకు ఒక జబ్బు. పొద్దున చక్కగా స్టార్టవుతుంది. ఇరవై ముప్పై కిలోమీటర్లు పోయాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. మెకానిక్‌ను ఏడిపించేవి ఇలాంటి జబ్బులే. షెడ్డుకు వచ్చేసరికి బండి బుద్ధిగా ఉంటుంది.

ఒకరోజు అది మా షెడ్డు ముందే ఆగింది. వెనుక సీటు ఎత్తి, పెట్రోలు పంపుకు వెళ్లే కప్లర్ ఊడదీసి, ఒకరు తాళం తిప్పుతుండగా మల్టీమీటర్ పెట్టి చూశాం. 12.4 వోల్టులు చూపించింది. కరెంటు వస్తోంది, పంపు తిరగడం లేదు, కాబట్టి పంపే పోయిందని ముగ్గురం ఒకే మాట అన్నాం. అన్న అప్పు చేసి కొత్త పంపు కొన్నాడు. నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు రాత్రి ఏరియా ఆసుపత్రికి పేషెంటును తీసుకువెళుతుంటే దారిలో ఆగిపోయింది. వాళ్లను ఒక ఆటో ఎక్కించి పంపి, అన్న మాకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "తమ్ముడూ, పంపు కొత్తదే కదా?" అని మాత్రం అడిగాడు.

మా తప్పు ఎక్కడుందో తెలియాలంటే ముందు రిలే గురించి తెలియాలి. దూరప్రయాణాల్లో అలసిన గుర్రాలను మార్చి కొత్తవి కట్టే పద్ధతి నుంచి ఆ పేరు వచ్చింది. అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1835లోనే ఇలాంటి పరికరం తయారుచేశాడు. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపించడమే దాని పని. లోపల సన్నటి తీగ చుట్ట ఉంటుంది. పదో తరగతిలో మనం మేకుకు తీగ చుట్టి గుండుసూదులు ఎత్తిన విద్యుదయస్కాంతమే ఇది. చుట్ట నిరోధం 80 ఓమ్‌లనుకుంటే 12 వోల్టులకు దానిలో పారే కరెంటు 0.15 ఆంపియరే. ఆ కాస్త కరెంటుతో అది ఒక ఇనుప రేకును లాగి రెండు పాయింట్లను కలుపుతుంది. ఆ పాయింట్ల గుండా పంపుకు కావలసిన నాలుగైదు ఆంపియర్లు పారతాయి.

రిలే అడుగున అంకెలు ఉంటాయి. 85, 86 చుట్టవి. 30కి బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది. 87 నుంచి పంపుకు వెళుతుంది. (కొన్ని జపాన్ తరహా రిలేలపై 1, 2 చుట్టకూ, 3, 5 పాయింట్లకూ రాసి ఉంటాయి.) అంటే ఒకే డబ్బాలో రెండు సర్క్యూట్లున్నాయి. ఈ రెంటినీ విడివిడిగా చూడడం వస్తే సగం పని అయినట్టే. టిక్కుమనే శబ్దం రాకపోతే చుట్ట వైపు వెతకాలి. ఒక కాలికి 12 వోల్టులు అందుతున్నాయా, రెండో కాలికి ఎర్త్ దొరుకుతోందా అని చూడాలి. ఇప్పటి చాలా కార్లలో ఆ ఎర్త్ ఇచ్చేది ఇంజిన్ కంప్యూటరే. కనుక పెద్ద బల్బుల టెస్టర్ అక్కడ పెట్టకండి, కంప్యూటర్ కాలిపోవచ్చు. మీటర్ చాలు.

మా కారులో రిలే టిక్కుమంటూనే ఉంది. అందుకే దాన్ని అనుమానించలేదు. రేకు కదిలిందని మాత్రమే ఆ శబ్దం చెబుతుంది. పాయింట్లు సరిగా కలిశాయో లేదో అది చెప్పదు.

మరి కప్లర్ దగ్గర 12.4 వోల్టులు ఎలా కనబడ్డాయి? మన హాస్టల్ కుళాయిలను గుర్తు చేసుకోండి. పైపులో తుప్పు పేరుకున్నప్పుడు కుళాయి మూతికి బొటనవేలు అడ్డుపెడితే నీళ్లు గట్టిగానే తోస్తాయి. వేలు తీస్తే సన్నటి ధార. బకెట్ నిండేసరికి స్టడీ అవర్ బెల్లు కొట్టేవారు. మీటర్ కూడా ఆ బొటనవేలు లాంటిదే. దాని లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు. అందులో పారేది ఆంపియర్‌లో పది లక్షల వంతు. అంత తక్కువ కరెంటుకు కాలిన పాయింట్లు అడ్డే కావు. పంపును కలిపి, అది పనిచేస్తుండగా కొలవాలి. అది మేము చేయలేదు.

మళ్లీ ఆగేదాకా మీటర్ పట్టుకుని అన్నతోపాటు తిరిగాం. మూడో ట్రిప్పులో ఆగింది. పంపు కప్లర్ తగిలించే ఉంచి, ఒకరం సెల్ఫ్ కొడుతుంటే ఒకరం రిలే సాకెట్ వెనుక నుంచి కొలిచాం. 30 దగ్గర 10.6 వోల్టులు. 87 దగ్గర 4.6. అంటే 6 వోల్టులు ఆ రిలేలోనే పోతున్నాయి! ఆరోగ్యంగా ఉన్న రిలేలో అర వోల్టు కూడా పోకూడదు. క్లాంప్ మీటర్‌లో కరెంటు 3 ఆంపియర్లు చూపించింది. ఓమ్ 1827లో ప్రకటించిన నియమం ప్రకారం ఆరును మూడుతో భాగిస్తే 2 ఓమ్‌ల నిరోధం. ఆరును మూడుతో గుణిస్తే 18 వాట్ల వేడి. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు దగ్గరి వేడి అది, అగ్గిపెట్టె కంటే చిన్న డబ్బాలో! బండి నడిచేకొద్దీ పాయింట్లు వేడెక్కి నిరోధం పెరగడం, అరగంట చల్లారితే మళ్లీ పనిచేయడం అప్పుడు అర్థమయ్యాయి. ఫార్ములా మాకు పరీక్షకు ముందు నుంచీ నోటికి వచ్చు. చేతికి రావడానికి ఇంతకాలం పట్టింది.

పక్కనున్న హారన్ రిలే అదే నంబరుది కావడంతో మార్చి పెట్టాం. వెంటనే స్టార్టయింది. చాలామంది ఇక్కడితో బిల్లు రాసేస్తారు. ఒకసారి తప్పు చేశాం కనుక ఈసారి మేము ఆగలేదు. పాయింట్లు ఎందుకు కాలినట్టు? సాకెట్‌ను కిందికి దించి చూస్తే 30 వైరు పిన్ను వదులైపోయి ఉంది, దాని తొడుగు గోధుమరంగుకు మాడి ఉంది. వదులు పిన్ను దగ్గర పుట్టిన వేడే రిలే లోపలికి ఎక్కింది. రిలే ఒక్కటే మార్చి ఉంటే కొన్నాళ్లకు అదీ కాలేది. బ్యాటరీ ఎర్త్ తీసి, ఆ పిన్ను కోసి కొత్తది వేసి, రిలే మార్చి మళ్లీ కొలిచాం. తేడా 0.1 వోల్టు.

ఒక జాగ్రత్త. పంపు దగ్గర పెట్రోలు ఆవిరి ఉంటుంది. అక్కడ వైర్లు రాసి నిప్పురవ్వ వస్తోందా అని చూసే పాత అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోండి. ఇక కొన్ని కొత్త కార్లలో రిలేలు ఫ్యూజు బాక్సు బోర్డుకే అతికించి ఉంటాయి. ఊడిరావు, బలవంతం చేయకండి.

తీసేసిన పాత పంపును బ్యాటరీకి కలిపి చూస్తే శుభ్రంగా తిరిగింది. కొత్త పంపు డబ్బును ముగ్గురం వేసుకుని నాలుగు నెలల్లో అన్నకు కట్టాలనుకున్నాం. మూడు నెలలు తీసుకున్నాడు. నాలుగో నెల ఎంత చెప్పినా తీసుకోలేదు. కాలిపోయిన ఆ రిలేను పైడబ్బా కోసి దాచాం. వార్షికోత్సవం రోజు స్టడీ హాలు బల్లమీద పెడతాం. పాయింట్లు ఎలా నల్లబడ్డాయో పట్టుకుని చూడండి.